మొక్కల లెక్టిన్లు: రక్తంలోకి ఎక్కించదగ్గ మందులా, ల్యాబ్‌కే పరిమితం కావాల్సిన రీఏజెంట్లా?

చక్కెర_గొలుసు
క్యాన్సర్‌కు మిజిల్‌టో అనే మొక్క సారం, వైరస్‌లకు అరటి లెక్టిన్ అంటూ లెక్టిన్లను (చక్కెరలను పట్టుకునే ప్రొటీన్లను) మందుగా వాడాలనే వాదన తరచూ వినిపిస్తోంది. నేను ఒప్పుకోను. వాటి చోటు ల్యాబే.

లెక్టిన్ పట్టుకునేది రోగకారకాన్ని కాదు, ఒక చక్కెర ఆకారాన్ని. మ్యానోజ్, గెలాక్టోజ్ లాంటివి మన కణాలన్నిటి మీదా, సీరం (రక్తంలోని ద్రవ భాగం) ప్రొటీన్ల మీదా ఉన్నాయి. పైగా చాలా లెక్టిన్లకు పట్టుచోట్లు ఒకటి కంటే ఎక్కువ. కాంకనావలిన్-ఏ అనే లెక్టిన్‌కు తటస్థ పీహెచ్‌లో నాలుగు. అందుకే కణాలను ఒకదానికొకటి అతికిస్తాయి. 1888లో స్టిల్‌మార్క్ ఆముదం గింజల సారంతో చూసింది ఈ ముద్దకట్టడాన్నే. టెస్ట్‌ట్యూబ్‌లో పనికొచ్చే ఆ గుణమే రక్తనాళంలో ప్రమాదం.

రక్తవర్గం
ల్యాబ్‌లో కూడా వీటిని గుడ్డిగా నమ్మలేం. ఉలవల లెక్టిన్ ఏ రక్తవర్గంలోని రెండు ఉపవర్గాల్లో ఏ1 కణాలనే ముద్దకట్టిస్తుందని, ఏ2ను వదిలేస్తుందని చదువుకుంటాం. పలచన చేయని సారం ఏ2నూ పడుతుంది. ఏ2 కణాల మీద అది అతుక్కునే చోట్లు తక్కువ, ప్రధానమైన తేడా అదే. కాబట్టి సారాన్ని సెలైన్‌తో రెట్టింపు పలచనలు చేసుకుంటూ పోయి, ఏ1 గట్టిగా, ఏ2 శూన్యంగా వచ్చే మెట్టు దగ్గర ఆగాలి.

పరీక్షకు కడిగిన కణాల 3–5 శాతం సస్పెన్షన్ ఒక చుక్క, లెక్టిన్ ఒక చుక్క. కిట్ కాగితంలో రాసినంతసేపే గది ఉష్ణోగ్రతలో ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, మెల్లగా కదిపి చూడాలి. ఎక్కువసేపు వదిలేస్తే ఏ2 కూడా పాజిటివ్‌గా కనిపిస్తుంది. ప్రతి విడతకూ ఏ1, ఏ2, ఓ కంట్రోళ్లు (వర్గం ముందే తెలిసిన పోలిక కణాలు) తప్పనిసరి. టీఎన్ యాంటిజెన్ (మామూలుగా దాగి ఉండే ఒక చక్కెర గుర్తు) బయటపడిన కణాలైతే ఓ గ్రూపువైనా ముద్దకడతాయి, కంట్రోళ్లు సరిగ్గా ఉన్నా సరే. శుభ్రమైన ట్యూబ్‌లోనే ఇంత జాగ్రత్త కావాల్సినప్పుడు ఒంట్లో ఏ కంట్రోల్ పెడతాం?

విత్తనకోశం
మొక్క వీటిని ఎందుకు తయారుచేస్తుందో కూడా చూడాలి. చిక్కుడు జాతి గింజల్లో ఇవి ప్రొటీన్ నిల్వల్లో ఒక భాగం, అదే సమయంలో తినేవాళ్ల పేగుకు దెబ్బ. పురుగు పేగులోని ఎంజైములకు లొంగకుండా పేగు గోడను పట్టుకుంటాయి. అన్నీ నిల్వ సరుకే అనుకోవద్దు. పొగాకు ఆకులో నిక్టాబా అనే లెక్టిన్ మామూలప్పుడు కనిపించదు, పురుగు కొరికి జాస్మోనేట్ అనే మొక్క హార్మోన్ పెరిగితేనే తయారవుతుంది. ఇంకో పాత్ర వేరు బుడిపెలది. 1989లో బఠానీ లెక్టిన్ జన్యువును తెల్ల క్లోవర్ వేళ్లలో పెడితే, బఠానీకి చెందిన రైజోబియం బ్యాక్టీరియా అక్కడ కూడా బుడిపెలు కట్టించింది.

నోటి మందుగా ఇద్దామనేవాళ్లు రాజ్మాను గుర్తుంచుకోండి. నాలుగైదు పచ్చి గింజలు చాలు, కొద్ది గంటల్లో వాంతులు మొదలవుతాయి. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 100 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు మరిగిస్తే విషం పోతుంది. సన్న వేడి మీద 80 డిగ్రీల దగ్గరే ఉంచితే పచ్చివాటికన్నా విషం పెరగొచ్చు.

వైరస్_కవచం
చక్కెర_గొలుసు గారూ, మీ మొదటి మెట్టే జారుతోంది. ఆరోగ్యంగా ఉన్న కణం పైన గ్లైకాన్ (చక్కెర గొలుసు) కొసలు ఎక్కువగా సియాలిక్ ఆమ్లంతోనో గెలాక్టోజ్‌తోనో ముగుస్తాయి. మ్యానోజ్ గుత్తులు దట్టంగా బయటికి కనిపించడం అరుదు. హెచ్‌ఐవీ పైపొరలోని జీపీ120 ప్రొటీన్ మీద మాత్రం అవి కిక్కిరిసి ఉంటాయి. ఆ తేడా చికిత్సకు చాలు.

అసలు అడ్డంకి వేరే, టీ కణాలను (రోగనిరోధక తెల్లకణాలను) రెచ్చగొట్టడం. అరటి లెక్టిన్‌లో 84వ స్థానంలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని థ్రియోనిన్‌గా మార్చారు, ఫలితాలు 2015లో వచ్చాయి. రెచ్చగొట్టే గుణం బాగా తగ్గింది, వైరస్‌ను ఆపే గుణం నిలిచింది. ఎలుకల్లో ఇన్‌ఫ్లుయెంజా మీద కూడా పనిచేసింది. రెండు గుణాలనూ విడదీయవచ్చని దీంతో తేలింది కదా.

వార్డు_లెక్కలు
మిజిల్‌టో సంగతి తేల్చుకుందాం. అది బదనికలా చెట్ల మీద పెరిగే యూరప్ మొక్క, దాని లెక్టిన్ రిసిన్ (ఆముదం గింజల విషం) కుటుంబానిదే. క్లోమ క్యాన్సర్‌పై సెర్బియాలో జరిగిన ట్రయల్‌లో (2013) మధ్యస్థ (మీడియన్) బతుకు 4.8 నెలలు, ఇవ్వనివాళ్లకు 2.7. కానీ ఎవరికి ఏం ఇస్తున్నారో అందరికీ తెలుసు. స్వీడన్‌లో ప్లాసిబో (ఉత్తుత్తి మందు) పెట్టి, డాక్టరుకూ రోగికీ తెలియకుండా గుట్టుగా ఉంచి చేస్తే ఆ లాభం కనిపించలేదు. నా దృష్టిలో దాంతో ఆ ప్రశ్నకు జవాబు వచ్చేసింది.

రిసిన్ కథ ఇంకా నేర్పుతుంది. గెలాక్టోజ్‌ను పట్టే ‘బీ’ గొలుసును తీసేసి, విషపు ‘ఏ’ గొలుసును యాంటీబాడీకి తగిలించారు. ‘ఏ’ గొలుసు మీది మ్యానోజ్ వల్ల మందును కాలేయం లాగేసుకుంటోందని ఆ చక్కెరలనూ చెరిపేశారు. అప్పుడు కూడా రక్తనాళాల నుంచి ద్రవం కారడం మోతాదును కట్టడి చేసింది.

చక్కెర_గొలుసు
వైరస్_కవచం గారూ, మ్యానోజ్ విషయం ఒప్పుకుంటాను, ‘అన్నిటి మీదా’ అనడం ఎక్కువే. అయినా గెలిచిన వాడకాలన్నీ ఒంటి బయటివే. సోయా లెక్టిన్‌నే చూడండి. ఎముక మజ్జలోని పరిణత కణాలను ముద్దకట్టించి అడుగుకు దించుతారు, మూలకణాలు పైన మిగులుతాయి. మిగిలిన టీ కణాలను గొర్రె ఎర్రకణాలతో తీసేసి, కణజాల రకం సగం మాత్రమే సరిపోయిన తల్లిదండ్రుల మజ్జను రోగనిరోధక శక్తి లేని పిల్లలకు ఎక్కించారు. లెక్టిన్‌ను గెలాక్టోజ్‌తో కడిగేశాకే మజ్జ రోగి దాకా వెళ్లింది. మసూర్ లెక్టిన్‌తో కొలిచే ఏఎఫ్‌పీ-ఎల్3 (ఏఎఫ్‌పీ అనే రక్త ప్రొటీన్‌లో ఒక రూపం) కూడా అంతే. అది మొత్తం ఏఎఫ్‌పీలో 10 శాతం దాటితే కాలేయ క్యాన్సర్ అనుమానం బలపడుతుంది, లెక్టిన్ మాత్రం రోగి ఒంట్లోకి పోదు.

వైరస్_కవచం
ముక్కు స్ప్రే, పైపూత జెల్ సంగతి? అక్కడ రక్తంలోకి చేరేది తక్కువ. ఫ్లూకు కోర్సు కొద్ది రోజులే. కొత్త యాంటీబాడీలు పుట్టేలోపు మందు పని అయిపోతుంది.

చక్కెర_గొలుసు
పైపూతకు నా అభ్యంతరం తక్కువ. కానీ కొత్తగా పుట్టే యాంటీబాడీల లెక్క ఒక్కటే వేస్తే చాలదు. అరటిపండు తినే మామూలు మనుషుల సీరంలో అరటి లెక్టిన్‌ను పట్టే ఐజీజీ4 రకం యాంటీబాడీలు ముందే దొరికాయి. మార్చిన అణువును కూడా అవి పట్టుకుంటాయా, పట్టుకుంటే వైరస్‌ను ఆపే శక్తి ఎంత తగ్గుతుంది? మనుషుల్లో మొదటి మోతాదుకు ముందే చాలామంది దాతల సీరం కలిపి ఆ కొలత తీయాలి.