బ్లాక్‌చెయిన్ సోషల్ మీడియా యాప్‌లో లాగిన్ అవ్వట్లేదు, పాస్‌వర్డ్ కరెక్టే, ఎవరైనా చెప్పండి ప్లీజ్

దిగులుదీపం:
పొద్దున్నుంచి దీనితోనే సరిపోయింది. ఫ్రెండ్ చెప్పాడని ఈ బ్లాక్‌చెయిన్ సోషల్ మీడియా యాప్‌లో అకౌంట్ తెరిచాను. నిన్న రాత్రి అంతా బాగానే ఉంది, ఒక పోస్ట్ కూడా పెట్టాను. ఇవాళ ఫోన్ మార్చి లాగిన్ అవుదామంటే కీ తప్పు అంటుంది. నేను టైప్ చేయట్లేదు, సేవ్ చేసుకున్న దాంట్లోంచే కాపీ చేస్తున్నాను, తప్పు ఎలా అవుతుంది? పోనీ మార్చుకుందామంటే ఫర్గాట్ పాస్‌వర్డ్ బటనే లేదు! అంత పెద్ద టెక్నాలజీ అని చెప్పుకుంటారు, ఒక్క బటన్ పెట్టలేరా? యాప్ తీసేసి మళ్లీ వేశాను, కాష్ క్లియర్ చేశాను, బ్రౌజర్‌లో కూడా చూశాను. ఏం చేయాలి?

గవాక్షం:
ఏ యాప్? ఏ చెయిన్? ఏ కీ?

దిగులుదీపం:
చెప్పాను కదండీ, బ్లాక్‌చెయిన్ యాప్. పోస్టులకి కాయిన్లు వస్తాయి, అదే.

మేఘసందేశి:
లాగిన్ సంగతి తర్వాత చూద్దాం కానీ, ముందు ఒక విషయం తెలుసుకోండి, ఎవరూ చెప్పరు. నిన్న పెట్టిన ఆ పోస్ట్ ఇక పోదు. బ్లాక్‌చెయిన్ అంటే చాలా కంప్యూటర్లలో బ్లాకులు బ్లాకులుగా పేరుకునే, చెరపలేని రికార్డు. ఇలాంటి చెయిన్లలో ఎడిట్ చేస్తే కొత్త వెర్షన్ కనిపిస్తుంది కానీ పాత వెర్షన్ బ్లాకుల్లో అలాగే పడి ఉంటుంది, ఎవరైనా తవ్వి చూడొచ్చు. డిలీట్ బటన్ ఉన్నా అది స్క్రీన్ మీద నుంచి తీసేయడమే. పిల్లల ఫొటోలు, ఫోన్ నంబర్లు, కోపంలో రాసిన మాటలు, ఏవీ పెట్టకండి. నేను ఇది ప్రతి థ్రెడ్‌లోనూ చెప్తూనే ఉంటాను.

గవాక్షం:
అవును, ప్రతి థ్రెడ్‌లోనూ.

పాతకాపు:
దిగులుదీపం గారూ, కాయిన్లు వస్తాయంటున్నారు కాబట్టి స్టీమో హైవో అయ్యుండాలి, పోస్టులకి కాయిన్లిచ్చే చెయిన్లు అవి. రెండింట్లోనూ లాగిన్ పద్ధతి ఒకటే. యాప్ పేరు చెప్పండి. అలాగే మీరు కాపీ చేస్తున్నది ఏ అక్షరాలతో మొదలవుతుందో, మొదటి రెండు మూడు మాత్రమే చెప్పండి. మొత్తం మాత్రం ఇక్కడ పేస్ట్ చేయొద్దు, దండం పెడతాను.

దిగులుదీపం:
యాప్ పేరు ఎకెన్సీ. హైవ్ అని రాసి ఉంది. మొదలు ఎస్‌టీఎం అని ఉంది, తర్వాత పెద్ద చాంతాడంత. స్టీమ్ అంటే ఏంటి, నేను దాంట్లో చేరలేదే?

పాతకాపు:
దొరికింది. ఎస్‌టీఎం‌తో మొదలయ్యేది పబ్లిక్ కీ. అది మీ అకౌంట్ పేజీలో ప్రపంచానికంతటికీ కనిపిస్తూనే ఉంటుంది, దాంతో లాగిన్ అవ్వదు. మీకు కావాల్సింది ప్రైవేట్ కీ. అది 5 అంకెతో మొదలవుతుంది. అకౌంట్ తెరిచినప్పుడు ఒక ఫైల్ డౌన్‌లోడ్ చేసుకోమని ఉంటుంది చూడండి, అందులో వెతకండి. పోస్టింగ్, యాక్టివ్, ఓనర్, మెమో అని నాలుగు రకాలు. పోస్ట్ పెట్టడానికి, ఓటు వేయడానికి, కామెంట్‌కి పోస్టింగ్ కీ ఒక్కటి చాలు. కాయిన్లు పంపాలంటేనే యాక్టివ్. ఓనర్ కీ జోలికి రోజువారీ పనుల్లో వెళ్లకండి, మిగతా కీలన్నీ మార్చే అధికారం దానిది.

పీ5 అని మొదలయ్యేది కనిపిస్తే అది మాస్టర్ పాస్‌వర్డ్. మీ యూజర్‌నేమ్, కీ రకం, ఆ పాస్‌వర్డ్ మూడూ కలిపితే పైన చెప్పిన నాలుగు కీలూ లెక్కగట్టి తీయొచ్చు. అందుకే అది పోతే అన్నీ పోయినట్టు, ఇంకొకరి చేతికి చిక్కితే అన్నీ వాళ్లవే.

ఫర్గాట్ బటన్ ఎందుకు లేదంటే, మీ ప్రైవేట్ కీ ఏ సర్వర్‌లోనూ లేదు. యాప్ వాళ్ల దగ్గరే లేనిది మీకు మెయిల్‌లో ఎలా పంపుతారు?

నీలాకాశి:
అందుకే ఈ గోల వద్దు, ట్విట్టర్ లాంటి బ్లూస్కైకి రండి. అది కూడా బ్లాక్‌చెయినే, కానీ మామూలు పాస్‌వర్డ్‌తో పనైపోతుంది, రీసెట్ కూడా ఉంది.

గవాక్షం:
బ్లూస్కై బ్లాక్‌చెయిన్ కాదు.

నీలాకాశి:
డీసెంట్రలైజ్డ్ కదా బ్రో, అంటే ఒక్కరి చేతిలో ఉండదు, రెండూ ఒకటే.

గవాక్షం:
కాదు.

పాతకాపు:
డీసెంట్రలైజ్డ్ అయినంత మాత్రాన బ్లాక్‌చెయిన్ అయిపోదండీ. బ్లూస్కైది ఏటీ ప్రోటోకాల్ అనే వేరే పద్ధతి, మీ డేటా ఒక సర్వర్‌లో ఉంటుంది, కావాలంటే వేరే సర్వర్‌కి మార్చుకోవచ్చు. మాస్టోడాన్‌లో సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, అంతే. నోస్టర్‌లో కీలు ఉంటాయి కానీ చెయిన్ ఉండదు. ఫార్‌కాస్టర్ అయితే సగం సగం, అకౌంట్ ఐడీ ఆప్టిమిజం చెయిన్ మీద, పోస్టులు బయట. హైవ్‌లో మాత్రం మీరు రాసిన అక్షరాలు నిజంగానే బ్లాక్‌లోకి వెళ్తాయి, మూడు సెకన్లకొక బ్లాక్.

మేఘసందేశి:
అక్షరాలు వెళ్తాయి, ఫొటోలు వెళ్లవు! ఫొటో ఏదో ఇమేజ్ సర్వర్‌లో ఉంటుంది, చెయిన్ మీద దాని లింకు మాత్రమే. రేపు ఆ సర్వర్ మూతపడితే రాత ఉంటుంది, బొమ్మ ఉండదు. శాశ్వతం, శాశ్వతం అని ప్రచారం చేసేవాళ్లు ఇది చెప్పరు.

పాతకాపు:
ఇందాక పిల్లల ఫొటోలు ఎప్పటికీ పోవన్నారు?

మేఘసందేశి:
పోవని అనుకుని జాగ్రత్తపడాలి, ఉంటాయని నమ్ముకోకూడదు. రెండూ వేర్వేరు.

నీలాకాశి:
ఏదైనా మామూలు జనానికి ఇది అవసరమా అని నా ప్రశ్న.

దిగులుదీపం:
అయ్యా, నా సంగతి. ఇప్పుడు నాకు ఇన్‌బాక్స్‌లో ఒకాయన సపోర్ట్ టీమ్ అని మెసేజ్ పెట్టాడు. మాస్టర్ పాస్‌వర్డ్ పంపితే వెరిఫై చేసి అకౌంట్ రికవర్ చేస్తానంటున్నాడు. పంపనా?

గవాక్షం:
వద్దు. బ్లాక్ చెయ్.

పాతకాపు:
పంపొద్దండీ బాబూ! సపోర్ట్ టీమ్ అనేవాళ్లు కీ అడిగారంటే దొంగలనే లెక్క. నిజమైన రికవరీ ఒకటి ఉంది, కానీ అది వేరు. ఎవరైనా దొంగతనంగా మీ ఓనర్ కీ మార్చేస్తే, మార్చిన 30 రోజుల లోపు మీ పాత ఓనర్ కీ, దాంతోపాటు మీ రికవరీ అకౌంట్ (ఇలాంటప్పుడు మీ తరఫున ఒప్పుకోవడానికి ముందే నమోదైన ఇంకో అకౌంట్) ఒప్పుకోలు, రెండూ ఉంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. కీ పారేసుకున్నవాళ్లకి అది పనికిరాదు. కాయిన్లు పంపేటప్పుడు రాసే మెమోలో కూడా పొరపాటున కీ పేస్ట్ చేయకండి, ముందు హ్యాష్ గుర్తు (#) లేని మెమో అందరికీ కనబడుతుంది.

మీరు ఇందాక అడిగిన స్టీమ్ సంగతి: 2016లో మొదలైంది స్టీమ్. 2020 ఫిబ్రవరిలో దాని వెనక ఉన్న కంపెనీని ట్రాన్ అనే ఇంకో చెయిన్ వ్యవస్థాపకుడు జస్టిన్ సన్ కొన్నాడు. చెయిన్‌ని నడిపేవాళ్లని కాయిన్ల బరువుతో ఓటేసి ఎన్నుకుంటారు; కాయిన్లు కొని అమ్మే కొన్ని ఎక్స్ఛేంజీలు కస్టమర్లు దాచుకున్న కాయిన్లతో ఆయన వైపు ఓట్లేశాయి, పెద్ద గొడవైంది. అది నచ్చనివాళ్లు అదే ఏడాది మార్చి 20న చెయిన్‌ని చీల్చుకుని హైవ్ పెట్టుకున్నారు. కోడ్ అక్కడిదే కాబట్టి పబ్లిక్ కీల ముందు ఎస్‌టీఎం అలాగే మిగిలిపోయింది.

నీలాకాశి:
అంటే డబ్బున్నవాడు ఓట్లు కొనేయొచ్చన్నమాట. ఇదేనా డీసెంట్రలైజేషన్?

పాతకాపు:
కొన్నాడు, జనం చెయిన్ ఎత్తుకుని వెళ్లిపోయారు. అలా వెళ్లగలగడమే దీని గొప్ప అని నేనంటాను.

నీలాకాశి:
వెళ్లినచోట కూడా కాయిన్లు ఎక్కువ ఉన్నవాడి ఓటుకే బరువు ఎక్కువ కదా. మార్పేముంది?

గవాక్షం:
ఇది వేరే థ్రెడ్ పెట్టుకోండి.

దిగులుదీపం:
ఫైల్ డౌన్‌లోడ్స్‌లో ఉంది, 5తో మొదలయ్యే పోస్టింగ్ కీ పెట్టాను, లోపలికి వెళ్లింది. థ్యాంక్స్ అండీ. కానీ రెండు కామెంట్లు పెట్టేసరికి రిసోర్స్ క్రెడిట్స్ చాలవు అంటోంది, ఇదేం గొడవ?

పాతకాపు:
ఇక్కడ ఫీజు డబ్బుగా కట్టరు, దానికి బదులు క్రెడిట్స్ ఖర్చవుతాయి. మీ హైవ్ పవర్‌ని, అంటే అకౌంట్‌లో లాక్ చేసి ఉంచిన కాయిన్లని, బట్టి అవి ఉంటాయి, కొత్త అకౌంట్‌కి చాలా తక్కువ. పూర్తిగా ఖాళీ అయితే నిండడానికి 5 రోజులు పడుతుంది, అయితే కొంచెం కొంచెంగా ఎప్పటికప్పుడు వస్తూనే ఉంటాయి, రేపటికి ఒకటో రెండో కామెంట్లు పెట్టుకోవచ్చు. తొందరుంటే ఎవరైనా పాత సభ్యుణ్ని తన దాంట్లో కొంత మీకు డెలిగేట్ చేయమని, అంటే వాడుకోనివ్వమని, అడగండి. మీ యూజర్‌నేమ్ చెప్తే నేను చూస్తాను.

మేఘసందేశి:
యూజర్‌నేమ్ కూడా ఇలా అందరి ముందు చెప్పడం నాకైతే నచ్చదు. దానితో మీ లావాదేవీలన్నీ చూడొచ్చు.

పాతకాపు:
రెండు కామెంట్ల లావాదేవీలు, చూడనివ్వండి.

నీలాకాశి:
బ్లూస్కైలో కామెంట్లకి ఈ క్రెడిట్స్ గోల లేదు, చెప్తున్నా అంతే.