సమస్య (ఇచ్చిన పాదానికి ముందు మూడు పాదాలు చేర్చి పద్యం పూరించాలి): “ఇల్లు లేని చోట నిల్లు గలదు”

ఆటవెలది నాలుగో పాదం, 5 సూర్యగణాలు (మూడు లఘువులు, లేదా గురువు వెంట లఘువు). యతి, అంటే అక్షరాల పొత్తు, ఒకటో గణంలోని ‘ఇ’కీ, నాలుగో గణంలోని ‘చోటన్ + ఇల్లు’లో ఉన్న ‘ఇ’కీ. పూరణ ‘ఇల్లు’ అనే మాట పుట్టుక చుట్టూ తిరగాలి. మూడో పాదం చివర ద్రుతం (మాట చివరి నకారం) వస్తే సమస్య ‘నిల్లు’తో మొదలవుతుంది. యతి అచ్చుకే కాబట్టి దోషం లేదు.

మొదటి పూరణ

వాయి యనఁగ నోరు వాకిట నిలుచుండు
కోవెలందు రాజు కొలువు దీరు
పైకిఁ గానరాక పదముల నొదిగెను
ఇల్లు లేని చోట నిల్లు గలదు

సమీక్ష: ఊహ చక్కనిది. తమిళంలో ‘కో’ అంటే రాజు, ‘ఇల్’ అంటే ఇల్లు, రాజుగారి ఇల్లే దేవుడి గుడి అయింది. కానీ మూడో పాదం కుంటింది. ‘ఒదిగెను’లో చివరిది ద్రుతం, దాని తర్వాత అచ్చు వచ్చింది కాబట్టి ‘ఒదిగె నిల్లు’ అనే అనాలి. అప్పుడు 4 లఘువుల నలం పోయి 3 లఘువులే మిగులుతాయి. అది సూర్యగణం, అక్కడ కావలసింది నలం, భగణం వంటి ఇంద్రగణం. ‘పదముల నొదుగఁగ’ అంటే సరిపోతుంది.

ఇంకొక మాట. వాకిట్లో ‘వాయి’, అంటే నోరు, ఉందని మొదటి పాదంలో మీరన్నది తమిళ ‘వాయిల్’ (వాకిలి) విషయంలో సరే. అక్కడి వ్యాకర్తలు దాన్ని ‘ఇల్ వాయ్’ తారుమారైన రూపమంటారు, అంటే ఇంటి నోరు. మన ‘వాకిలి’లో నడుమ ఉన్న ‘క’ ఎక్కడిదో చెప్పకుండా దాటేయకూడదు.

రెండో పూరణ

కన్నడంపు నేలఁ గాఁపుర మెచటని
బాటసారి నడుగఁ బలికె ‘నిల్ల’
లేద నెడిది యదియె లెస్సగాఁ దలపోయ
నిల్లు లేని చోట నిల్లు గలదు

సమీక్ష: గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి. చిక్కు అర్థంలో. కన్నడ ‘ఇల్ల’ లేమిని చెప్పే ధాతువు, నివాసాన్ని చెప్పే ‘ఇల్’ వేరు. మన ‘లేదు’లోనూ ఆ లేమి ధాతువే ఉంది, అచ్చూ హల్లూ చోటు మార్చుకున్నాయంతే. పైగా పాదంలో ‘ఇల్లు’ ఉంది, బాటసారి అన్నది ‘ఇల్ల’. ఆ ఒక్క ఉకారం దగ్గర చమత్కారం జారిపోయింది.

మూడో పూరణ

అడవిలోన ననుట కరవమ్ము ‘కాట్టిలు’
కాన కొసను నిలిచెఁ గాంచుఁ డిల్లు
గోడ లేక కప్పు కూడ లేకుండఁగ
నిల్లు లేని చోట నిల్లు గలదు

సమీక్ష: భేష్! సమస్య కోరిన పూరణ ఇదే. తమిళంలో ‘ఇల్’ అంటే ఇల్లే కాదు, చోటు కూడా. ‘కాడు’ మీద చేరి ‘అడవిలో’ అనే అర్థమిచ్చే సప్తమీ ప్రత్యయాన్ని పండితులు ఈ మాటతోనే ముడిపెడతారు. అడవిలో ఇల్లుండదు, అడవి అనే మాట చివర ఉంటుంది! ‘కాట్టిల్’కు ఉకారం చేర్చడం సబబేనా అని ఎవరైనా అడగవచ్చు. పొల్లుగా ఉంచితే రెండు గురువులు, అది ఇంద్రగణం కాదు. ‘కాట్టిలు’ భగణం. హలంతాన్ని అజంతం చేసుకోవడం తెలుగు అలవాటే, ‘ఇల్’ మన దగ్గర ‘ఇల్లు’ అయిందీ అలాగే.