చెరువులున్న సభ్యుల ముందు ఉప్పునీళ్ళ గురించి చెప్పబోతున్న 19 ఏళ్ళ అమ్మాయి. మీటింగు ఎలా నడపాలి?

కోనసీమ కార్యదర్శి (ప్రశ్న)

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో ఒక మోస్తరు ఊరి రోటరీ క్లబ్బు. ఈ ఏడాది సెక్రటరీ పని నాకు అంటగట్టారు. జులై 1న మొదలైంది, వచ్చే జూన్ ఆఖరు దాకా తప్పదు. 2016లో రూలు సడలించి నెలకి రెండు మీటింగులైనా చాలన్నారు. మా పెద్దలు మాత్రం వారం వారం కలవకపోతే క్లబ్బు క్లబ్బులా ఉండదంటారు. కలవడం బాగానే ఉంటుంది, వారం వారం స్పీకర్ని వెతకడమే నా ప్రాణానికొచ్చింది. డాక్టర్లు అయిపోయారు, ఆడిటర్లు అయిపోయారు, యోగా వాళ్ళు రెండో రౌండులో ఉన్నారు.

వచ్చే వారానికి ఒక అమ్మాయి ఒప్పుకుంది. సముద్రం వైపు ఊరు, డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతోంది. వాళ్ళ ఊళ్ళో ఏ బోరు ఎంత ఉప్పెక్కిందో టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన ఉప్పులెంతో చూపించేది) పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి రాసుకుంది. ఆ నోటుబుక్కు నేను చూశాను. మామూలు రూళ్ళ పుస్తకం, స్కేలుతో గీసిన గళ్ళు. వీధి, బోరు లోతు, మీటరు చూపించిన అంకె, కొలిచిన నెల, దగ్గర్లో ఉన్న రొయ్యల చెరువు ఎన్ని అడుగుల దూరం. లోతు తెలియని చోట ఖాళీ వదలకుండా "మామ్మగారికి గుర్తులేదు, తాతగారు వేయించారు" అని రాసింది. ఆ వాక్యం చూడగానే ఈ అమ్మాయిని పిలవాల్సిందే అనుకున్నాను. అంకెలు మాత్రం ఇక్కడ రాయను. ఆవిడ చెప్పకముందే నేను చెప్పేస్తే బావుండదు.

నాకు రెండు చిక్కులున్నాయి.

ఒకటి మా మీటింగు తీరు. టైమ్ ఏడున్నర అని వేస్తాం. ప్రెసిడెంటు గారు గంట కొట్టేసరికి ఎనిమిది. ఆ తర్వాత ఒక్కొక్కరినీ పేరుపేరునా వేదిక మీదికి ఆహ్వానించడం, జాతీయగీతం, ఫోర్ వే టెస్టు (రోటరీ వాళ్ళం చదివే నాలుగు ప్రశ్నలు), పోయిన వారం మినిట్స్, పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, ఎవరి మనవడికో అమెరికాలో సీటొచ్చిన సంతోషంలో విరాళం, దానికి చప్పట్లు. పోయిన ఏడాది డ్రోనుతో చేలకి మందు కొట్టడం గురించి చెప్పడానికి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు వచ్చాడు. పాపం లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని గంటకి పైగా కూర్చున్నాడు. తీరా అతని వంతు వచ్చేసరికి పక్క హాల్లో భోజనాల మూతలు తీశారు. గుత్తివంకాయ వాసన వస్తుంటే ఎవరు వింటారండీ? "బాబూ, క్లుప్తంగా" అన్నారు. అతను రెండు స్లైడ్లు చూపించి దిగిపోయాడు. శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి, గ్రూపు ఫోటో తీయించుకున్నాం. శాలువాకి పట్టినంత సేపు కూడా అతను మాట్లాడలేదు.

రెండోది అసలు చిక్కు. మా సభ్యుల్లో చాలామందికి చెరువులున్నాయి. సొంతానివి కొన్ని, లీజుకిచ్చినవి కొన్ని. క్లబ్బు పెట్టిన ఆర్వో ప్లాంటుకి డబ్బిచ్చిందీ వాళ్ళే. ఈ టాపిక్ చెప్పగానే ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, "ఆ చెరువు దూరం గడి తీసేయమను, మిగతాదంతా చెప్పుకోమను" అన్నారు. కోపంగా కాదు, చాలా మర్యాదగానే. నాకది అడగబుద్ధి కావడం లేదు. అలాగని పిల్లని తీసుకొచ్చి పెద్దల మధ్య ఇరికించడమూ ఇష్టం లేదు.

ఇలాంటివి నడిపిన వాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. "యువతని ప్రోత్సహించాలి" తరహా మాటలు మా క్లబ్బులోనే బోలెడు దొరుకుతాయి, అవి వద్దు.

పాలకొల్లు మాస్టారు

కార్యదర్శి గారూ, నేను రిటైరైన హైస్కూలు మాస్టార్ని, మా స్కూల్లో ఇంటరాక్ట్ క్లబ్బు, అంటే రోటరీ వాళ్ళ పిల్లల క్లబ్బు, చాలా ఏళ్ళు చూశాను. 12 నుంచి 18 ఏళ్ళ పిల్లలు మీటింగు ఎంత చక్కగా నడుపుతారో మన పెద్దలొకసారి వచ్చి చూడాలి. గంట కొట్టాల్సిన టైముకి కొడతారు.

ఆ గడి మాత్రం తీయించొద్దండి. మీరు వారం వారం చదివే ఫోర్ వే టెస్టునే ఆ పెద్దాయన ముందు పెట్టండి. 1932లో షికాగోలో హెర్బర్ట్ టేలర్ అనే ఆయన దివాలా అంచున ఉన్న అల్యూమినియం గిన్నెల కంపెనీని నిలబెట్టడానికి రాసుకున్న నాలుగు ప్రశ్నలవి. రోటరీ 1943లో తీసుకుంది. మొదటి ప్రశ్న "ఇది నిజమేనా?" సంబంధించిన అందరికీ న్యాయమేనా అన్నది రెండోది. స్నేహాలు పెరుగుతాయా అన్నది మూడో ప్రశ్న. మనవాళ్ళు మూడోదాన్ని ముందుకు లాగి మొదటిదాన్ని మింగేస్తారు. పైగా ఆయన దాన్ని గోడకి తగిలించడానికి కాదు, సొంత వ్యాపారం మీద ప్రయోగించడానికే రాసుకున్నాడు. చెరువులున్న వాళ్ళకి ఇంతకంటే దగ్గరి పాఠం ఏముంది?

ఒక చిన్న చిట్కా. స్పీకర్ని పరిచయం చేసే పని ఆ పెద్దాయనకే అప్పగించండి. పరిచయం చేసిన మనిషి ఆ తర్వాత లేచి అడ్డుపడడు. మా ఊళ్ళో పెళ్ళి చెడగొడతాడని అనుమానమున్న బాబాయికే విడిది ఏర్పాట్లు అప్పగిస్తారు, అదే లెక్క.

నీళ్ళ లాబ్ పాత కాపు

నేను తాగునీటి పరీక్షల లాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఆ అమ్మాయికి ఎదురయ్యే ప్రశ్నలు ముందే చెబుతాను, తయారై వస్తుంది.

పెన్నులా ఉండే ఆ టీడీఎస్ మీటరు నిజానికి ఉప్పుని కొలవదు. నీళ్ళలో కరెంటు ఎంత సులువుగా పోతుందో కొలిచి, ఒక గుణకంతో హెచ్చించి అంకె చూపిస్తుంది. అందుకని మొదటి ప్రశ్న: మీటరు సరిచూశావా? మీటరు సరిచూడటానికి 1413 మైక్రో సీమెన్స్ (కరెంటు ఎంత సులువుగా పోతుందో చెప్పే లెక్క) ద్రావణం చిన్న సీసాల్లో దొరుకుతుంది, దానిలో ముంచి చూడాలి. కాలేజీ లాబ్‌లో అడిగితే ఇస్తారు.

రెండోది నెల. డెల్టాలో ఇది చాలా ముఖ్యం. వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఊటనీరు తగ్గిపోతుంది, అదే బోరు మే నెలలో ఒకలా, సార్వా నీళ్ళు పారి వానలు పడ్డాక అక్టోబరులో ఇంకోలా ఉంటుంది. ఒక వీధి మేలో కొలిచి, ఇంకో వీధి అక్టోబరులో కొలిచి రెండూ పక్కపక్కన పెడితే తప్పు. నెల రాసుకుందన్నారు కాబట్టి అమ్మాయి తెలివైనదే.

మూడోది లోతు. మన దగ్గర లోతుకి పోతే మంచినీళ్ళు పడతాయనుకుని ఇంకో రెండు పైపులు దింపుతారు. సముద్రం వైపు ఊళ్ళలో చాలాచోట్ల పైపొరలోనే కాస్త తియ్యనీరు, కిందంతా ఎప్పటిదో పాత ఉప్పునీరు. ఎక్కువ తోడితే అది పైకి లేస్తుంది. కాబట్టి ఉప్పంతా చెరువు వల్లే అనడానికి లేదు, చెరువు వల్ల కాదు అనడానికీ లేదు. ఒకే లోతు బోర్లు, ఒకే నెలలో, చెరువుకి దగ్గరవి, దూరానివి విడదీసి చూపిస్తే అప్పుడు మాటకి బలం. ఆ గడి తీసేస్తే మిగిలేది ఉత్త అంకెల పట్టిక.

బీఐఎస్ (మన దేశ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళలో లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీళ్ళు దొరకని చోట 2000 దాకా సర్దుకోవచ్చు. ఇంకొకటి, పెన్నులో అంకె తక్కువ వచ్చినంత మాత్రాన నీళ్ళు శుభ్రమని కాదు. బాక్టీరియా దానికి కనపడదు. ఈ మాట ఆ అమ్మాయి తనంతట తాను ముందే చెప్పేస్తే హాల్లో సగం మంది నోళ్ళు మూతపడతాయి.

భీమవరం చెరువు రైతు

ఆయ్, నాకూ చెరువులున్నాయండి. వెనామీ రకం రొయ్య వేస్తాను. అందుకే చెబుతున్నా, మమ్మల్ని ముద్దాయిల్లా ముందు వరసలో కూర్చోబెట్టకండి. వరి గిట్టకే కదండీ చేలు చెరువులయ్యాయి. మీ కోనసీమ రైతులు 2011లో సార్వా మానేసి క్రాప్ హాలిడే అన్నది సరదాకి కాదు కదా.

అలాగని గడి తీసేయమనడం నాకూ నచ్చలేదు. ఉప్పు సంగతి మాకంటే ఎవరికి తెలుసు? ప్రతి చెరువు గట్టు మీదా ఉప్పు చూసే రిఫ్రాక్టోమీటరు ఉంటుంది. మా లెక్క పీపీటీలో, అంటే వెయ్యికి ఎంత అని. వెనామీకి 5 ఉంటే "తక్కువ ఉప్పు చెరువే" అంటాం. ఆ అమ్మాయి మీటరు పీపీఎమ్‌లో చూపిస్తుంది, అంటే పదిలక్షలకి ఎంత అని. మా 5 ఆవిడ లెక్కలో దగ్గర దగ్గర 5000. నేను తక్కువ అనుకునే ఉప్పు తాగేవాడికి పైహద్దుకి రెండింతల పైన! ఈ ఒక్క ముక్క స్లైడు మీద పెట్టమనండి. చెరువు రైతులకి మా భాషలోనే తలకెక్కుతుంది. ఇంకెవరూ తిట్టక్కర్లేదు.

గొడవ వద్దనుకుంటే ఎవరి చెరువు అన్నది చెప్పకుండా దూరం ఒక్కటే చెప్పాలి. ఊరి మ్యాపులో చెరువులకి ఓనర్ల పేర్లు పెట్టిందంటే మాత్రం ఆ రాత్రి భోజనాలు చల్లారిపోతాయి.

ఇంకోటి. చెరువు నీళ్ళు మురుగు కాలవలోకి వదలకుండా నేరుగా పంట బోదెలోకి వదిలే వాళ్ళున్నారు. అలాంటి వాళ్ళని మేమే తిట్టుకుంటాం. ఆవిడ ఆ మాటెత్తితే నాలాంటి వాడు ఒకడైనా లేచి అవునంటాడు.

అమలాపురం అక్క

అందరూ మీటరు గురించీ టెస్టు గురించీ రాశారు. ఆ అమ్మాయి రాత్రి ఇంటికి ఎలా వెళుతుందండీ? మీరు ఎనిమిదికి గంట కొట్టి, తొమ్మిదిన్నరకి మైకు ఇచ్చి, పదింటికి ఫోటో తీస్తే సముద్రం వైపు ఊళ్ళకి ఆఖరి బస్సు ఎప్పుడో పోయి ఉంటుంది.

డిగ్రీలో ఉండగా నన్నూ ఒక క్లబ్బు వాళ్ళు మాట్లాడమని పిలిచారు. మా నాన్న రెండు గంటలు స్కూటరు మీద బయటే కూర్చున్నారు. లోపలికి రమ్మని ఒక్కరూ అనలేదు. నేనేం మాట్లాడానో నాకే గుర్తులేదు, అద్దంలోంచి ఆయన దోమలు కొట్టుకుంటూ కనపడడం గుర్తుంది. అందుకని తోడు వచ్చినవాళ్ళని హాల్లో కూర్చోబెట్టి, మొదటి బంతిలోనే భోజనం పెట్టండి. వెళ్ళడానికి కారు మాట్లాడండి. శాలువా డబ్బులు దానికి సరిపోతాయి.

ప్రసంగమే ముందు పెట్టేయండి. గంట, జాతీయగీతం, వెంటనే స్పీకరు. పుట్టినరోజులు భోజనాల దగ్గర చెప్పుకుంటే ఎవరి ఆయుష్షూ తగ్గిపోదు.

కోనసీమ కార్యదర్శి

అక్కగారి జవాబు చదివి వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. నాన్నగారితో వస్తుందట, బైకు మీద. రాత్రిపూట ఏటిగట్టు రోడ్డు మీద బైకు వద్దన్నాను. మా ట్రెజరర్ గారి కారు పంపుతున్నాం.

ఫోర్ వే టెస్టు మాట పెద్దాయనతో అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పరిచయం నేను చేస్తాను గానీ ఇంగ్లీషులో రాసివ్వకు" అన్నారు. గడి ఉంటుంది, ఓనర్ల పేర్లు ఉండవు. పేర్లు ఆ అమ్మాయి మొదట్నించీ రాసుకోలేదు. ఎందుకని అడిగితే, "మా పెదనాన్నకీ చెరువుందండీ" అంది.

ప్రసంగం ముందు పెట్టడానికి ప్రెసిడెంటు గారు ఒప్పుకున్నారు గానీ వేదిక మీదికి ఆహ్వానాలు మాత్రం వదులుకోరట. సరే, అవి భోజనాల ముందుకి తోశాం. పీపీటీ, పీపీఎమ్ స్లైడు అమ్మాయికి తెగ నచ్చింది, భీమవరం వారికి థాంక్స్ చెప్పమంది.

ఇంకో ఆలోచన వచ్చింది, ఎలా ఉందో చెప్పండి. సభ్యులందరినీ ఎవరింటి బోరు నీళ్ళు వాళ్ళని సీసాలో తెమ్మని గ్రూపులో పెట్టాను. అక్కడికక్కడే మీటరు పెట్టి చూస్తుంది. పొద్దున్నించీ గ్రూపులో ఇదే గోల. ఎప్పుడూ గుడ్ మార్నింగు పూలు తప్ప పంపని వాళ్ళు కూడా "ఫ్రిజ్‌లో పెట్టాలా" అని అడుగుతున్నారు.

నీళ్ళ లాబ్ పాత కాపు

మంచి ఆలోచన. ఈ పరీక్షకి ఫ్రిజ్ అక్కర్లేదు. చల్లటి నీళ్ళు తెస్తే కాసేపు బయట పెట్టి, గది వేడికి వచ్చాక చూడాలి. కూల్‌డ్రింకు సీసాలైతే బాగా కడిగి, అదే బోరు నీళ్ళతో మూడుసార్లు తొలిచి నింపమనండి. మోటారు వేసిన వెంటనే వచ్చే నీళ్ళు కాకుండా కొంచెంసేపు పోనిచ్చి పట్టాలి. ఆర్వో కుళాయి నీళ్ళు పట్టుకొచ్చి బోరు నీళ్ళని చెప్పేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. ఏ బోరు నీళ్ళైనా మరీ 50కి దిగువన చూపిస్తే అమ్మాయి నవ్వి ఊరుకోమనండి. మీటరులో బాటరీ కొత్తది వేయించండి. సీసాల మీద చీటీలు అంటించడానికి ఒక మనిషిని ముందే పెట్టుకోండి, లేకపోతే ఎవరి నీళ్ళు ఎవరివో తెలీక అక్కడ ఇంకో పంచాయితీ.