‘సెలవు’ మాట మీద ఒక సందేహం

మొన్న బెజవాడ స్టేషన్లో మా అన్నయ్యగారి అబ్బాయిని అండమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించాం. ఆర్మీలో ఉన్నాడు, జమ్మూ అవతల ఎక్కడో డ్యూటీ. ఎక్కడని అడిగితే నవ్వి ఊరుకుంటాడు. ఉత్తరం రాయాలన్నా ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అని ఆర్మీ పోస్టాఫీసు నంబరే, ఊరి పేరుండదు. నల్ల ట్రంకుపెట్టె మీద తెల్ల పెయింటుతో నంబరు. కోడలు పిల్ల చంకలో పాప, చేతిలో గోంగూర డబ్బా, మూత చుట్టూ మూడు వరసల టేపు.

బండి కదలబోతుంటే తెలుగు మాస్టారి అలవాటుకొద్దీ ‘ఇక సెలవు తీసుకో నాయనా’ అన్నాను.

‘ఆ మాట అనకండి చినమావయ్యగారూ. సెలవు తీసుకునే వచ్చారు, సెలవైపోయే వెళ్తున్నారు. వెళ్ళిరమ్మనండి చాలు’ అంది కోడలు.

అప్పటినుంచీ అదే ఆలోచన. ఇంటికి రావడమూ సెలవే, ఇల్లు విడవడమూ సెలవే. పెద్దలు ‘సెలవిచ్చారు’ అంటే ఆజ్ఞ. పాత తెలుగులో సెలవంటే ఖర్చు కూడా, అరవంలో ఇప్పటికీ ఆ అర్థమే. ఈ ఖర్చు అర్థం ఇంకా మీ ఇళ్లలో వినపడుతోందా?

బ్రాడీపేట నుంచి: మాట వినపడదు గానీ అర్థం మాత్రం మా ఇంట్లో ఉందండీ. మావారూ ఆర్మీనే. మేం లీవు అంటాం. ఏడాదికి 60 రోజులు యాన్యువల్, 30 క్యాజువల్. పాలపద్దు రాసే నోటుపుస్తకంలోనే వెనకనుంచి ఆ లీవు ఖర్చూ రాస్తాను. మరిది పెళ్లికి 12, నాన్నగారి కర్మలకి 15. ఫీల్డ్ పోస్టింగయితే మమ్మల్ని తీసుకెళ్లడానికి లేదు. కిందటేడు పదకొండు రోజులు ఫోన్ లేదు. గ్యాస్ బుక్ చేశాను, బాబు ఫీజు కట్టాను. అత్తగారికి మాత్రం ‘నిన్న రాత్రే మాట్లాడారు, మీరు నిద్రపోతున్నారు’ అని చెప్పాను. పదకొండు రోజులూ అదే చెప్పాను.

మాచర్ల నుంచి: మాంచాల కథ చెప్పుకునే నేల మనది. మీలాంటి వీరనారికి వందనం తల్లీ.

బ్రాడీపేట నుంచి: తప్పుగా అనుకోకండి అన్నయ్యగారూ, ఆ మాట మాత్రం తీసెయ్యండి. ఆర్మీలో ‘వీర్ నారీ’ అంటే భర్త అమరుడైన ఆవిడ. ఆయన చల్లగా ఉన్నారు.

మాచర్ల నుంచి: అయ్యయ్యో, క్షమించమ్మా. తీసేస్తున్నాను.

బ్రాడీపేట నుంచి: వద్దులెండి, ఉంచండి. తెలియనివాళ్లు చదువుకుంటారు.

ఇన్నేళ్లు పాఠం చెప్పాను, నాకూ తెలియదమ్మా. సన్మానపత్రాల్లో ఆ మాట ఎంతమందికి రాసిచ్చానో! ‘వీరపత్ని’ అందామంటే అదీ నోరు తిరగని బిరుదే. పదకొండు రోజులు ఆ అబద్ధం చెప్పిన మనిషికి నా దగ్గరున్న సమాసాలేవీ సరిపోవడం లేదు.

అన్నట్టు, ఇందాక కోడలు ఫోన్ చేసింది. నాగపూర్ దాటేసరికే గోంగూర సగం సెలవైందట.