స్టిల్ట్ ప్లస్ ఫోర్‌లో ఫస్ట్ ఫ్లోరా, ఫోర్త్ ఫ్లోరా? మా ఇంటి పంచాయితీ మీరే తేల్చండి

గోపాలపూర్_పెద్దకొడుకు:
నెల రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. హన్మకొండలో గోపాలపూర్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ చూశాం. కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు, అంతస్తుకు రెండు చొప్పున మొత్తం ఎనిమిది ఫ్లాట్లు. ఫస్ట్‌లో ఒకటి, ఫోర్త్‌లో ఒకటి మిగిలాయి. సెకండ్‌లో కూడా ఒకటి ఖాళీగానే కనిపిస్తోంది కానీ, అడిగితే బిల్డర్ "దాని సంగతి తర్వాత చూద్దాం సార్" అంటున్నాడు. ఫోర్త్ తీసుకుంటే రెండు లక్షలు తగ్గిస్తాడట.

నాన్నకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆయన ఫస్ట్ అంటాడు. మా ఆవిడ ఫోర్త్ అంటుంది: గాలి, వెలుతురు, నెత్తిమీద ఎవరూ ఉండరు. అమ్మకు వడియాలు ఎండబెట్టుకోవడానికి డాబా దగ్గరుంటే చాలు. లిఫ్ట్ ఉంది కదా, మోకాళ్లకేం ఇబ్బంది అని నాకూ అనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

టాప్‌ఫ్లోర్_కాజీపేట:
ఆరేళ్లుగా టాప్ ఫ్లోర్‌లో ఉంటున్నా అన్నా. మీ ఇంట్లో వదినమ్మ చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే అది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే నిజం. ఏప్రిల్ నుంచి వేరే లెక్క. అందరూ మధ్యాహ్నం ఎండకు భయపడతారు. మధ్యాహ్నం ఎట్లాగో గడుస్తుంది, కష్టమంతా రాత్రే. పొద్దంతా ఎండ తాగిన స్లాబు చీకటి పడ్డాక ఆ వేడిని గదిలోకి వదలడం మొదలుపెడుతుంది. బయట బాల్కనీలో చల్లగా ఉంటుంది, లోపల మంచం మీద వీపు కాలుతుంది. ఫ్యాన్ వేస్తే స్లాబు కింద ఉన్న వేడిగాలినే మన మీదికి తోస్తుంది. మే నెలలో సాయంత్రం ఆరింటికి కుళాయి తిప్పితే వేడినీళ్లే. చన్నీళ్ల స్నానం కావాలంటే తెల్లవారుజామునే బకెట్లు పట్టి పెట్టుకోవాలి. ఆ రెండు లక్షలు ఏసీలకు, వాటి బిల్లులకే పోతాయి.

ఒక్క మాట అడుగుతా. పగలంతా ఇంట్లో ఉండేది ఎవరు? నువ్వూ వదినా ఆఫీసులకు పోతే, ఆ స్లాబు కింద కూర్చునేది అమ్మానాన్నలే.

లష్కర్‌బజార్_అక్క:
ఎండ పేరు చెప్పి టాప్ ఫ్లోర్‌ను ఇంత భయంకరంగా చూపించకండి. మేమూ పైనే ఉంటున్నాం. రెండేళ్ల కింద డాబా మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలు వేయించాం, తేడా బాగానే తెలిసింది. 2023లో మన రాష్ట్రం కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది, అదేమీ ఉత్త మాట కాదు. ఏసీ ఇప్పుడు రాత్రి రెండు గంటలు వేసి ఆపేస్తున్నాం.

ఇంతకుముందు సెకండ్ ఫ్లోర్‌లో అద్దెకున్నాం. పైనింటి వాళ్లు పొద్దున నాలుగున్నరకు మిక్సీ వేసేవాళ్లు. పిల్లాడు హాల్లో క్రికెట్. అడిగితే "పిల్లలన్నాక ఆడుకోరా" అని మాకే క్లాసు. ఎండకు పెయింట్ ఉంది, పైనోళ్లకు ఏముంది?

టాప్‌ఫ్లోర్_కాజీపేట:
అక్కా, పెయింట్ వేయించడానికి మీ అపార్ట్‌మెంట్‌లో ఎన్ని మీటింగులు పట్టింది?

లష్కర్‌బజార్_అక్క:
మూడు. 😄 డాబా అందరిదీ అన్నారు, డబ్బులు మాత్రం మీవే అన్నారు. మేమే పెట్టుకున్నాం.

సైట్‌మీద_సివిల్:
వరంగల్, కరీంనగర్ రెండు చోట్లా సైట్లు చూశాను. డాబా విషయంలో అక్కకు జరిగింది అన్ని చోట్లా జరుగుతుంది. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టంలో టెర్రస్ ఉమ్మడి స్థలం. "టాప్ ఫ్లోర్ కొంటే డాబా మీదే" అని నోటిమాటగా చెప్పే బిల్డర్లు ఉన్నారు, నమ్మొద్దు. అలాగే మీ స్లాబు కారితే రిపేరు ఖర్చు ఎవరిదన్నది సేల్ డీడ్‌లోనో, సొసైటీ బైలాస్‌లోనో ముందే రాయించుకోవాలి. కారేది ఒక్కరికే కాబట్టి మిగతా ఏడుగురికీ తొందర ఉండదు.

మీ దగ్గర ఇంకో చిక్కు ఉంది. ప్లాటు 500 చదరపు మీటర్లు, అంటే 600 గజాలకు కాస్త తక్కువ, దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీది సరిగ్గా ఎనిమిది. మన ఊళ్లో చాలామంది ఎనిమిది దగ్గరే ఎందుకు ఆపుతారో అర్థమైందా? రిజిస్టరైన ప్రాజెక్టుకైతే ఫ్లాట్ అప్పగించిన రోజు నుంచి ఐదేళ్లలో నిర్మాణ లోపం బయటపడితే బిల్డర్ సొంత ఖర్చుతో సరిచేయాలని గట్టిగా అడగొచ్చు. ఇక్కడ ఆ మాట అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి.

సెకండ్ ఫ్లోర్ ఫ్లాట్ గురించి బిల్డర్ ఎందుకు నసుగుతున్నాడో నేను చెప్తా. పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో పది శాతం కింది అంతస్తుల్లో మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ చేయించుకుంటారు. ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇక కాపురం ఉండొచ్చని ఇచ్చే కాగితం) తెచ్చుకున్నాకే విడుదల చేస్తారు. బహుశా ఆ ఫ్లాటే అయి ఉంటుంది. ఫస్ట్ ఫ్లోర్‌ది కూడా అందులో లేదని కాగితం చూసుకోండి. ఫోర్త్‌కైతే పరీక్ష వేరు: శాంక్షన్ ప్లాన్‌లో నిజంగా నాలుగు అంతస్తులు ఉన్నాయా, మూడుకే పర్మిషన్ తెచ్చి నాలుగోది ఎక్కించాడా? అట్లాంటి ఫ్లాటుకు బ్యాంకు లోన్ దగ్గరే కథ ఆగిపోతుంది. అసలు తగ్గింపు ఇస్తున్నాడంటే ముందు ఈ అనుమానమే రావాలి, ఎండ తర్వాత.

నీళ్ల సంగతి చిన్నదే కానీ రోజూ ఉండేది. ట్యాంకు కుళాయి కంటే పది మీటర్ల ఎత్తున ఉంటే సుమారు ఒక బార్ ప్రెషర్ వస్తుంది. టాప్ ఫ్లోర్‌లో షవర్‌కూ ట్యాంకుకూ మధ్య రెండు మూడు మీటర్లే, కాబట్టి ధార సన్నగా వస్తుంది. ప్రెషర్ పంపు పెట్టుకోవాల్సిందే. ఫస్ట్ ఫ్లోర్‌లో ఆ ఇబ్బంది లేదు, బదులుగా డ్రైనేజీ పైపు జామ్ అయితే మొదట పొంగేది వాళ్ల బాత్‌రూమే.

హంటర్‌రోడ్_పాతకాపు:
అందరూ పైకే చూస్తున్నారు, కిందికి చూడరేం? 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో మా వైపు కాలనీలు ఎట్లా మునిగాయో గుర్తుందా? 2023లో భద్రకాళి చెరువు కట్టకు గండి కూడా పడింది. మా బిల్డింగ్‌లో పార్కింగ్‌లోకి నడుము లోతు నీళ్లు. ఇంట్లోకి రాలేదు కాబట్టి ఫస్ట్ ఫ్లోర్ వాళ్లం బతికిపోయాం అనుకున్నాం. కానీ మీటర్ బోర్డులన్నీ పార్కింగ్‌లోనే, కరెంటు బంద్. సంపులోకి మోరీ నీళ్లు. లిఫ్ట్ గుంత నిండింది, నీళ్లు పోయాక కూడా లిఫ్ట్ చాలా రోజులు నడవలేదు. ఆ రోజుల్లో నాలుగో అంతస్తులో ఉన్న పెద్దావిడకు తాగే నీళ్ల డబ్బాలు మోసింది మేమే. గోపాలపూర్ అన్నా, ఆ రోడ్డు మీద వాన నీళ్లు ఎటు పోతాయో పక్కనున్న కిరాణా షాపాయనను అడుగు. బిల్డర్‌ను అడగకు.

వడ్డేపల్లి_నర్స్:
లిఫ్ట్ ఉంది కదా అనేవాళ్లకు ఒక ప్రశ్న. ఆ లిఫ్ట్‌లో స్ట్రెచర్ పడుతుందా? చిన్న అపార్ట్‌మెంట్లలో పెట్టే నలుగురైదుగురు పట్టే లిఫ్ట్‌లో పట్టదు. కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దించుతారు. నాలుగు అంతస్తులు దించడం, మలుపుల దగ్గర తిప్పడం ఎంత నరకమో చూసినవాళ్లకే తెలుసు. ఇంట్లో పెద్దవాళ్లుంటే నా ఓటు ఫస్ట్‌కే.

ములుగు_అల్లుడు:
2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు వైపు 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు మా నాలుగో అంతస్తులో గిన్నెలు గలగలమన్నాయి. కింద వాచ్‌మెన్‌కు తెలియనే లేదు. అందుకే నాకు పైన వద్దు.

సైట్‌మీద_సివిల్:
పైన ఊపు ఎక్కువ తెలుస్తుంది, నిజమే. కానీ దెబ్బ పైనే తగులుతుందని కాదు. కింద గోడల్లేకుండా పిల్లర్ల మీద నిలబడే పార్కింగ్ అంతస్తే ఇలాంటి బిల్డింగుల్లో బలహీనమైన చోటు. అది కూలితే ఫస్టూ ఫోర్తూ అందరిదీ ఒకటే గతి. అంతస్తు మార్చి దాన్ని తప్పించుకోలేరు. స్ట్రక్చరల్ డ్రాయింగ్ చూపించమనండి.

బాలసముద్రం_బ్యాచిలర్:
ఎవరూ కోతుల గురించి మాట్లాడరేంటి? హన్మకొండలోనే ఉంటున్నారా మీరంతా? డాబా మీద వడియాలు పెట్టి అమ్మ కిందికి వచ్చేలోపు గుంపు దిగుతుంది. ట్యాంకు మూతలు కూడా తీసి పడేస్తాయి.

గోపాలపూర్_పెద్దకొడుకు:
అందరికీ థాంక్స్. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నాన్నను తీసుకుని పోయాను. లిఫ్ట్ ఇంకా బిగించలేదు. రెండుచోట్ల ఆగి ఆయన నాలుగో అంతస్తు దాకా ఎక్కాడు. పైన గాలి బాగుందన్నాడు, కాసేపు నిలబడి పద్మాక్షి గుట్ట ఎటువైపో వెతికాడు. తర్వాత అన్నాడు: "ఎక్కలేక కాదురా, లిఫ్ట్ ఉంటుందిగా. ఇంత పైనుంటే దిగబుద్ధి కాదు. కింద ఎవరైనా కనబడితే చెప్పులేసుకుని పోవడం వేరు, లిఫ్ట్ కోసం నిలబడి పోవడం వేరు." బదిలీల మీద బదిలీలు తిరిగిన టీచర్ ఆయన, రోజూ పది మందితో మాట్లాడకపోతే తోచదు.

సెకండ్ ఫ్లోర్ సంగతి సివిల్ సార్ చెప్పినట్టే, మార్ట్‌గేజ్‌లో ఉందని బిల్డర్ ఒప్పుకున్నాడు. ఫస్ట్‌ది కాగితాల్లో క్లియర్. కిరాణా షాపాయన కూడా 2020లో నీళ్లు రోడ్డు దాటి లోపలికి రాలేదన్నాడు. ఒకటే లోటు: ఫస్ట్ ఫ్లోర్‌కు తూర్పున ఖాళీ ప్లాటు ఉంది. రేపు అక్కడ ఇల్లు లేస్తే మా హాల్లో పగలే ట్యూబ్‌లైట్ వేసుకోవాలి. మా ఆవిడ దీనిమీద రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి వంటిల్లు, తన గది పడమటి వైపు ఉన్నాయి కాబట్టి సరేనంది. ఫస్ట్‌కే అడ్వాన్స్ ఇచ్చాం. డాబా తాళం చెవి అందరి దగ్గరా ఒకటి ఉండాలని, పైప్‌లైన్ జామ్ అయితే ఖర్చు అందరిదని అగ్రిమెంట్‌లో రాయించాను. అమ్మ వడియాలు బాల్కనీలోనే, గ్రిల్ వేయించి.

బాలసముద్రం_బ్యాచిలర్:
గ్రిల్ సందులు చిన్నగా పెట్టించన్నా. పిల్ల కోతులు దూరతాయి.