అప్‌డేట్: లినక్సు కంప్యూటరుకు ఏ గ్రాఫిక్స్ కార్డు అన్న నా ప్రశ్న

డెబియన్ 12 (లినక్సులో ఒక రకం) నడిచే నా కంప్యూటరుకు ఎన్విడియా కార్డు తీసుకోవాలా, ఏఎండీ కార్డు తీసుకోవాలా అని కిందటి నెల అడిగాను. చివరకు విజయవాడ గవర్నరుపేటలో 8 జీబీ ఏఎండీ ఆర్ఎక్స్ 6600 కొన్నాను. ఇంట్లో ఉన్న పాత 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (కంప్యూటరుకు కరెంటు అందించే పెట్టె) దానికి సరిపోయింది.

విషయాన్ని తేల్చింది వేగం కాదు, డ్రైవరు, అంటే కార్డును నడిపించే సాఫ్ట్‌వేరు. ఏఎండీ కార్డుల ఏఎండీజీపీయూ డ్రైవరు 2015 నుంచి లినక్సు కెర్నెల్‌లోనే (లినక్సు మూల భాగంలోనే) భాగం కనుక, కెర్నెల్ మారినప్పుడల్లా విడిగా మాడ్యూలు (కెర్నెల్‌కు జోడించే డ్రైవరు ముక్క) తయారు చేసుకోవడం, సంతకం లేని సాఫ్ట్‌వేరును అడ్డుకునే సెక్యూర్ బూట్ కోసం దానికి సంతకం పెట్టుకోవడం అనే తలనొప్పులు ఉండవు. ఎన్విడియా కూడా 2022లో తన కెర్నెల్ మాడ్యూళ్ల సోర్సును బయటపెట్టింది గానీ, డెబియన్‌లో ఆ డ్రైవరును విడిగానే వేసుకోవాలి.

బిగించిన రాత్రి తెర మీద అక్షరాలు వేలెడేసి వచ్చి గుండె ఆగినంత పనైంది. డీమెసేజ్‌లో (కెర్నెల్ సందేశాలను చూపే ఆదేశం) చూస్తే ఫర్మ్‌వేర్ ఫైలు (కార్డులోకి ఎక్కించాల్సిన చిన్న సాఫ్ట్‌వేరు) దొరకలేదని ఉంది. పాత కార్డుతో ఇన్‌స్టాల్ చేసిన నేను దాన్ని వేయనేలేదు. ‘ఫర్మ్‌వేర్-ఏఎండీ-గ్రాఫిక్స్’ ప్యాకేజీ వేసి రీబూట్ చేయగానే అంతా సర్దుకుంది.

అయితే ‘కూడా’ మీద (మన తెలుగు ‘కూడా’ కాదు; గ్రాఫిక్స్ కార్డు మీద లెక్కలు చేయించే ఎన్విడియా వారి సాఫ్ట్‌వేరు, CUDA) ఆధారపడిన పనులు చేసేవారికి ఎన్విడియాయే తగినది. నాకు ఆ అవసరం లేదు.