మస్టాంగ్‌కు సూపర్‌ఛార్జర్: మన ఎండలకు ఏది తట్టుకుంటుంది?

అన్నలూ, హన్మకొండ నుంచి రాస్తున్నా. నాది 2017 మస్టాంగ్ జీటీ, 5.0 లీటర్ల వీ8, ఆటోమేటిక్. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నూకే సూపర్‌ఛార్జర్ పెట్టించాలని ఏడాదిగా ఒకటే పురుగు తొలుస్తోంది.

ట్విన్ స్క్రూ రకం అయితే ఇంజన్ నెత్తిన కూర్చుని, కాలు ఆనించగానే గాలి నూకుతుంది. సెంట్రిఫ్యూగల్ రకంలో ఇంజన్ తిరిగే వేగం (ఆర్‌పీఎం) పెరిగేకొద్దీ బూస్ట్, అంటే ఆ గాలి ఒత్తిడి, పెరుగుతుంది. మనసు మొదటిదాని మీదే ఉంది, కానీ వేడి సంగతేంటి? మే నెలలో కాజీపేట బ్రిడ్జి మీద పది నిమిషాలు ఆగితే ఇప్పుడే బానెట్ మీద చెయ్యి పెట్టలేం. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉన్నా సరిపోతుందా?

అసలు టెన్షన్ పెట్రోల్‌ది. సిలిండర్‌లో గాలి, పెట్రోల్ నొక్కుకునే నిష్పత్తి (కంప్రెషన్) అసలే 11:1. ఎక్స్‌పీ95 (95 ఆక్టేన్ పెట్రోల్) మీద 5-6 పీఎస్‌ఐ బూస్ట్‌కు ఇంజన్ కంప్యూటర్‌ను ట్యూన్ చేయిస్తే నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి పేలి ఇంజన్ కొట్టుకోవడం) రాకుండా నడుస్తుందా? ఎక్స్‌పీ100 కోసం ప్రతిసారీ హైదరాబాద్ పరుగెత్తడం నా వల్ల కాదు.

ఒక గ్యారేజీలో అడిగితే "ముందు కిట్ బిగిద్దాం, ట్యూనింగ్ తర్వాత చూద్దాం" అన్నారు. పెట్రోల్ చిమ్మే పెద్ద ఇంజెక్టర్లు, ట్యూన్ లేకుండా బూస్ట్ ఎక్కిస్తే పెట్రోల్ చాలక పిస్టన్లు కాలిపోతాయి కదా! దండం పెట్టి వచ్చేశా.

మీలో ఎవరైనా బిగించుకుంటే చెప్పండి: ఏ రకం, ఎంత బూస్ట్, గేర్‌బాక్స్ ఎలా ఉంది? ఆర్సీలో ఆ మార్పు ఎక్కించుకున్నారా?